వైజాగ్ కొండల మీద మౌంటెన్ బైకింగ్: రాళ్ల దారిలో పడకుండా దిగడం ఎలా

బీచ్ రోడ్డు మీద పొద్దున్నే సైకిల్ తొక్కేవాళ్లు వైజాగ్‌లో బోలెడంత మంది. వాళ్లలో చాలామందివి గేరు సైకిళ్లే, లావు టైర్లే, ముందు సస్పెన్షన్ (కుదుపులు మింగే షాక్) కూడా ఉంటుంది, కానీ ఆ సైకిల్ కొన్ననాటి నుంచి తారు దిగి మట్టి ముట్టుకుని ఉండదు. మీరూ అలాంటి వాళ్లలో ఒకరైతే ఈ చలికాలంలో ఒక కొండ ఎక్కి, మట్టిదారిలో రాళ్ల మధ్య నుంచి, ఎదురుగా సముద్రం కనిపిస్తుండగా ఒక్కసారి దిగి చూడండి. అంతసేపు చెమటోడ్చి ఎక్కింది ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

ఎలా దిగాలో చెప్పేముందు అసలు సంగతి చెప్పేస్తాను. దిగే పని సగం ఎక్కేటప్పుడే అయిపోవాలి. ఏ దారిన దిగుదామనుకుంటున్నారో అదే దారిన ముందు ఎక్కండి, తొక్కలేని చోట సైకిల్ తోసుకుంటూ ఎక్కండి, ప్రతి రాయినీ ప్రతి మలుపునీ కళ్లతో చూసి పెట్టుకోండి. కింద చెప్పే గాలి, బ్రేకు, ఒళ్లు వంచడం లాంటివన్నీ దీని తర్వాతే.

దారి ఎంచుకోవడం

పిన్ లొకేషన్ పెట్టమని అడుగుతారేమో, పెట్టను. మన కొండల మీద మట్టిదారులు ఒక్క వానాకాలంతో మారిపోతాయి. పోయిన ఏడాది చక్కగా జారిన వాలు ఈ ఏడాది మోకాలి లోతు గండి పడి ఉండొచ్చు, అక్టోబరు, నవంబరుల్లో తుపాను వచ్చి పోతే కొమ్మలు విరిగి దారి కనిపించకుండా పోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసి పోయిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకని ఎవరో పంపిన మ్యాపు చూసి నేరుగా పైనుంచి దిగిపోవద్దు.

మొదటి మెట్టు తొట్లకొండ. బీచ్ రోడ్డులో భీమిలి వైపు సుమారు 15 కిలోమీటర్లు వెళ్తే ఎడమ పక్కన వస్తుంది. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తు, పైదాకా తారు రోడ్డు, మలుపులు. ఊళ్లోంచి తొక్కుకుంటూ వెళ్తే తెన్నేటి పార్కు దగ్గర నుంచి జోడుగుళ్లపాలెం దాకా కైలాసగిరి కింద వచ్చే ఎత్తుపల్లాల్లోనే కాళ్లు వేడెక్కుతాయి, కొండ మొదలయ్యేసరికి ఒళ్లు సిద్ధంగా ఉంటుంది. పైన ఉన్నది రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం. 1988 నుంచి 1993 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి స్తూపాలు, విహారాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు బయటపెట్టింది. సైకిల్ బయటే పెట్టి నడిచి చూడండి, ఆ ఇటుకల మధ్యకి చక్రం పోకూడదు. దిగడం మాత్రం ఆ తారు రోడ్డు మీదే నేర్చుకోండి. మలుపులో బ్రేకు మీద చేయి వేయకుండా తిరగడం, ముందే వేగం తగ్గించుకోవడం, ఈ రెండూ తారు మీద రాకపోతే మట్టి మీద అస్సలు రావు. బ్రేకులకు ఇంకా గట్టి పరీక్ష కావాలంటే యారాడ బీచ్‌కు దిగే ఘాట్ రోడ్డు ఉంది, కాకపోతే సెలవు రోజుల్లో కార్లు ఎక్కువ, తెల్లవారగానే వెళ్లి వచ్చేయాలి. ఇక దమ్ము పెరగాలంటే సింహాచలం గిరి ప్రదక్షిణ దారి చాలు. 32 కిలోమీటర్లు, ఆషాఢ పౌర్ణమికి లక్షల మంది నడిచే దారి, దాన్ని ఆదివారం ఉదయం ఒక చుట్టు వేసి మర్నాడు కాళ్లు మామూలుగా ఉన్నాయంటే మీరు కొండకి సిద్ధమే.

రెండో మెట్టు మట్టిదారి. బీచ్ రోడ్డు పక్క కొండల వాలుల్లో, జీడిమామిడి తోటల అంచుల్లో, మనుషులూ పశువులూ నడిచి నడిచి పడిన దారులు కనిపిస్తాయి. మొదటిసారికి నిలువు ఎత్తు 100 మీటర్ల లోపు ఉన్నది చూసుకోండి. దిగుడు చివర కాస్త చదును ఉండాలి, కొండ దిగీ దిగగానే రోడ్డు మీదకి వచ్చి పడే దారి వద్దు. తోటలోంచి వెళ్తుంటే తోట వాళ్లని అడగాల్సిందే. మార్చి నుంచి మే దాకా జీడిపిక్కలు ఏరే కాలం కాబట్టి అప్పుడు అసలు అటు వెళ్లకపోవడమే మర్యాద. పశువుల కాపరి కనిపిస్తే ఆగి, "బాబాయ్, ఈ దారి కిందదాకా పోతాదా, మధ్యలో గండి ఏమైనా పడిందా?" అని అడగండి. వాళ్లకి తెలిసినంత ఏ మ్యాపుకీ తెలియదు.

వెళ్లకూడని చోట్లు కూడా ఉన్నాయి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్లోకి సైకిల్ దింపొద్దు. వంపులు, గోడలు, వాగులు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది, నిజమే, కానీ అది 2014లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు, చేత్తో గీరితే రాలిపోయే మట్టి. ఒక్కో టైరు గాడి వచ్చే వానకి ఒక కాలవ అవుతుంది. వేల ఏళ్లు పట్టి ఏర్పడిన దాన్ని ఒక వీడియో కోసం చెరపొద్దు, దయచేసి. కంబాలకొండ సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, చిరుతలు తిరిగే అడవి, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలి దారుల్లోకి సైకిల్‌తో వెళ్లకూడదు. నేవీ బోర్డు ఉన్న ప్రతి చోటా వెనక్కి తిరగడమే.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. వాన పడితే కనీసం రెండు రోజులు ఆగండి. తడి ఎర్రమట్టి టైరుకి పట్టి చక్రం తిరగనివ్వదు, పైగా మీరు చేసిన గాడి ఎండాక గట్టిపడి తర్వాత వచ్చేవాళ్లని పడేస్తుంది. ఏప్రిల్, మేలలో వెళ్లి తీరాలంటే ఎనిమిదింటికల్లా కిందికి వచ్చేయాలి. మన దగ్గర ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ నష్టం చేస్తుంది, ఒంట్లో నీళ్లు పోతున్న సంగతి కూడా తెలియదు.

ఇంకో విషయం, ఇది తూర్పు తీరం కాబట్టి మనకే ఉన్న చిక్కు. సముద్రం వైపు దిగే వాలు అంటే పొద్దున పూట సూర్యుడు నేరుగా కళ్లలో కొడతాడు. జనవరిలో సూర్యోదయం ఆరున్నరకు అటూ ఇటూ. ఆ మొదటి గంట ఎదురెండలో దారి మీద రాయేదో నీడేదో తెలియదు. ఫొటోలకి అది మంచి సమయమే, దిగడానికి కాదు. చీకటి విచ్చుతుండగా ఎక్కడం మొదలుపెట్టి, పైన కూర్చుని సూర్యోదయం చూసి, తెచ్చుకున్నది తిని, ఎండ కాస్త నెత్తి మీదకి వచ్చాక ఏడున్నర, ఎనిమిది మధ్య దిగండి.

సైకిల్ సిద్ధం చేయడం

ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. ముందు 100 మిల్లీమీటర్ల సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, గుబ్బలున్న టైర్లు ఉంటే మన కొండలకి చాలు. వెనక సస్పెన్షన్ కోసం డబ్బు దాచేకంటే ఆ డబ్బుతో మంచి హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, నిండు వేళ్ల గ్లవ్స్ కొనండి. చెప్పులతో, పొడవాటి లేసులు వేలాడే బూట్లతో రావద్దు.

అన్నిటికంటే తేడా చూపించేది టైరులో గాలి. షాపులో పంపు కింద పెడితే గట్టిగా నిండా కొట్టేస్తారు, అది తారుకి బాగానే ఉంటుంది, కానీ రాళ్ల మీద ఆ టైరు ఎగిరెగిరి పడుతుంది, పట్టు ఉండదు. సుమారు 70 కిలోల మనిషికి, 2.2 అంగుళాల టైరుకి, లోపల ట్యూబు ఉంటే ముందు 26 నుంచి 28, వెనక 28 నుంచి 32 పీఎస్ఐ (పంపు మీటరు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టండి. టైరు పక్క గోడ మీద రాసిన హద్దులు కూడా చూసుకోండి. ఇంకా తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్ అయితే ఇంకో నాలుగైదు తగ్గించొచ్చు. మన దారుల్లో పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఎంత ఉంటాయో తెలుసు కాబట్టి టైరులో సీలెంట్, అంటే చిల్లు పడితే తనే మూసేసే ద్రవం, పోయించుకోవడం మంచి ఖర్చు. అయినా సరే ఒక ట్యూబు, టైరు లీవర్లు, చిన్న పంపు, మల్టీటూల్ లేకుండా కదలొద్దు.

బయల్దేరే ముందు చక్రాల క్విక్ రిలీజ్ (చక్రాన్ని బిగించే లీవరు) గట్టిగా మూసుకుందా, హ్యాండిల్ బోల్టులు వదులయ్యాయా, బ్రేకు లీవరు హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కుకుపోతోందా చూడండి. ఆ చివరిది జరుగుతుంటే ఆ రోజు కొండ రద్దు. నీళ్లు గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు లెక్కన, ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి. కింద ఎక్కడైనా చోడి అంబలి బండి కనిపిస్తే ఆగి ఒక గ్లాసు తాగి ఎక్కండి, కడుపు బరువెక్కదు, ఆకలీ వేయదు.

ఎక్కడం, చూసుకోవడం

నిటారు చోటు రాకముందే తేలిక గేరులోకి మారండి. పెడల్ మీద బలం వేసి గేరు మారిస్తే చైన్ తెగుతుంది. సీటు ముందు అంచుకి జరిగి, మోచేతులు కిందికి దించి, కూర్చునే తొక్కండి. లేచి తొక్కితే వదులు కంకర మీద వెనక చక్రం ఉత్తినే తిరుగుతుంది.

ఊపిరి అందనప్పుడు ఆగడం అవమానం కాదు, అదే మీకు కావలసిన సమయం. వెనక్కి తిరిగి నిలబడి, దిగేటప్పుడు కనిపించే వైపు నుంచి దారిని చూడండి. ఎక్కేటప్పుడు చిన్న గడపలా కనిపించిన రాయి పైనుంచి చూస్తే నడుమెత్తు గుంతలోకి దించుతుంది. మన కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ రాయి. వాన, ఎండలకి అది పెళుసెక్కి ముక్కలై, ఆ ముక్కలు ఇంకా చిన్నవై, గట్టి ఎర్రమట్టి మీద గచ్చు మీద ఆవాలు పోసినట్టు పరుచుకుంటుంది. జారేది అక్కడే, పెద్ద రాళ్ల మీద కాదు. కాబట్టి కదిలే రాయి ఏది, నేలలో పాతుకున్న రాయి ఏది అని కాలితో తన్ని చూడండి. పాతుకున్న రాయి మీదుగా ధైర్యంగా పోవచ్చు.

మూడు విషయాలు గుర్తు పెట్టుకుంటే చాలు. ఎక్కడ బ్రేకు వేయాలి, ఎక్కడ వదలాలి, ఎక్కడ దిగి నడవాలి. ఆ నడవాల్సిన చోటికి ఓ పది అడుగుల పైన దారి పక్కన ఒక గుర్తు పెట్టుకోండి, ఒక చెట్టో, తెల్లరాయో. దిగేటప్పుడు ఊపులో ఉంటాం, ఆగాల్సిన చోటు దాటాక గుర్తొస్తే లాభం లేదు.

ఇక దిగడం

పైన ముందు సీటు దించండి. క్లాంపు వదులు చేసి కనీసం నాలుగైదు అంగుళాలు. చాలామంది ఇది ఒక్కటి చేయక పడతారు, ఎందుకంటే సీటు ఎత్తుగా ఉంటే అది మిమ్మల్ని వెనక నుంచి ముందుకి తన్నేస్తుంది. సస్పెన్షన్ కదలకుండా లాక్ వేసి ఎక్కి ఉంటే ఆ లాక్ తీసేయండి.

లేచి నిలబడండి. రెండు పెడళ్లూ నేలకి సమంగా, మడమలు కాస్త కిందికి, మోకాళ్లు, మోచేతులు వంగి, మోచేతులు బయటికి. బరువంతా పాదాల మీద ఉండాలి, చేతుల మీద కాదు. "వెనక్కి వంగు, వెనక్కి వంగు" అని అందరూ చెబుతారు, అది సగం నిజం. మరీ వెనక్కి పోతే చేతులు బిగుసుకుపోతాయి, ముందు చక్రం మీద బరువు ఉండదు, అది ఎటు తోస్తే అటు పోతుంది. నడుము దగ్గర వంగి, గడ్డం హ్యాండిల్ మీదుగా ఉండేలా ఉండండి, వాలు నిటారయ్యే కొద్దీ తుంటి వెనక్కి జరుగుతుంది, అంతే.

కళ్లు ముందు చక్రం దగ్గర ఉంటే పని అయిపోయినట్టే. నాలుగైదు మీటర్ల ముందుకి చూడండి, వేగం పెరిగితే ఇంకా ముందుకి. ఏ రాయిని చూస్తే ఆ రాయికే వెళ్లి కొడతారు, కాబట్టి రాయిని కాకుండా రాళ్ల మధ్య సందుని చూడండి.

బ్రేకు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఒక్కో చేతికి ఒక్క చూపుడు వేలు చాలు, మిగతా వేళ్లు హ్యాండిల్ పట్టుకోవాలి. ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుది, దానికి భయపడి వెనకదే వాడితే చక్రం బిగుసుకుని జారుతుంది, దారీ పాడవుతుంది. రెండూ కలిపి మెల్లగా, పిసికినట్టు వేయండి, గబుక్కున కాదు. వేయాల్సింది గట్టి నేల మీద, చక్రాలు నేరుగా ఉన్నప్పుడు, ఆ కంకర రావడానికి ముందు. కంకర మీదకి వచ్చాక వదిలేయాలి. మనసు సరిగ్గా దీనికి ఉల్టా చెబుతుంది, జారేచోటే గట్టిగా పట్టుకోమంటుంది. ముందు చక్రం కంకర మీద బిగిస్తే పడడం ఖాయం. అందుకే ఎక్కేటప్పుడు చూసి పెట్టుకోమన్నాను, కంకర ఎక్కడుందో తెలిస్తేనే దానికి ముందు బ్రేకు వేయగలరు.

పొడవాటి దిగుడు అంతా లీవరు నొక్కిపెట్టి దిగొద్దు, డిస్కు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. ఒక చోట గట్టిగా తగ్గించి, కాస్త వదిలి, మళ్లీ తగ్గించి. ఈ ఆట కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో మొదలైనప్పుడు, 1976 అక్టోబరులో జరిగిన కొండ దిగుడు పోటీలో వాళ్ల పాతకాలపు సైకిళ్లకి ఉన్నవి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. ఒక్కసారి దిగేసరికి చక్రం మధ్యలోని హబ్బులో గ్రీజు పొగై పోయేది, మళ్లీ గ్రీజు పెట్టుకుని కానీ ఇంకోసారి దిగలేకపోయేవాళ్లు. మన డిస్కులు అంత దారుణం కాదు కానీ వేడి వేడే. కిందికి రాగానే డిస్కు ముట్టుకోవద్దు, వేలు కాలుతుంది.

మెట్టులా ఉన్న రాయి వస్తే, దాని కింద వాలు ఉంటే నెమ్మదిగా ముందు చక్రాన్ని దొర్లనివ్వండి, చక్రం దిగుతున్నప్పుడు చేతులు ముందుకి చాచి దానితో పాటు పోనివ్వండి, తుంటి వెనక్కి. అంచు మీద ఆగిపోయి ఆలోచించడం అన్నిటికంటే ప్రమాదం. రాయి జానెడు కంటే ఎత్తుండి కింద చదునుగా ఉంటే కొత్తలో దిగి నడవండి. ఇది ముందే మీ వీధిలో చేసుకోండి, అపార్ట్‌మెంట్ ముందు రెండు మెట్లు ఉంటే అవి చాలు, వాటి మీంచి ఒక నలభై సార్లు దిగితే ఒంటికి అలవాటవుతుంది.

నీటి కోత పడిన గాడి వస్తే దాన్ని ఏటవాలుగా దాటబోవద్దు, చక్రం అంచుకి రాసుకుని ఇరుక్కుంటుంది. గాడిలోకి దిగితే లోపలే ఉండి పొండి, లేదా గట్టు మీదే ఉండండి. దాటక తప్పకపోతే అడ్డంగా, నేరుగా దాటండి.

మలుపుల్లో, ముఖ్యంగా వెనక్కి తిరిగే మలుపుల్లో, వేగం ముందే తగ్గించి బయటి అంచు నుంచి వెడల్పుగా లోపలికి రండి. బయటి వైపు పెడల్ కిందికి, దాని మీద బరువు, సైకిల్‌ని లోపలికి వంచండి, మీరు కాస్త నిటారుగానే ఉండండి. తల తిప్పి మలుపు అవతలి చివర చూడండి, తల ఎటు తిరిగితే భుజాలు అటు, భుజాలు ఎటు తిరిగితే సైకిల్ అటు.

పొరపాటున కుదరడం లేదనిపిస్తే సైకిల్‌ని వదిలేయడం నేర్చుకోండి. కొండ పై వైపు కాలు దించండి, లోయ వైపు కాదు. సైకిల్ గీసుకుపోతే గీసుకుపోతుంది, రంగు వేయించొచ్చు.

దారిలో ఎదురయ్యేవాళ్లు

ఆ దారి మనది కాదు. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఎక్కుతున్న అమ్మ ఎదురైతే పూర్తిగా ఆగి, సైకిల్ దిగి, పక్కకి తప్పుకోండి, బెల్లు కొట్టి ఆమెని పక్కకి జరగమనొద్దు. మేకల మంద వస్తే కాపరి చెప్పేదాకా కదలొద్దు. ఎక్కుతున్న సైకిల్‌కి దిగుతున్న సైకిల్ దారి ఇవ్వాలి, ఇది ఎక్కడైనా పద్ధతే. కుక్క వెంటపడితే దిగి సైకిల్‌ని మీకూ దానికీ మధ్య అడ్డుపెట్టి నడవండి. వెచ్చగా ఉన్న రాళ్ల సందుల్లో చేయి పెట్టొద్దు, పాములుంటాయి.

ఒంటరిగా వద్దు గురూ, మొదటి కొన్నిసార్లు అసలు వద్దు. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి. పడితే వెంటనే లేచి నిలబడిపోకుండా ముందు మెడ, మణికట్టు, మోకాలు మెల్లగా కదిపి చూసుకోండి. తలకి దెబ్బ తగిలి వాంతి వచ్చినా, మసకగా కనిపించినా ఇక తొక్కడం లేదు, 108కి ఫోన్ చేయడమే. హెల్మెట్ పగిలితే ఆ హెల్మెట్ పని అయిపోయింది, అతికించి వాడొద్దు.

ఇంటికి వచ్చాక

ఉప్పుగాలి మన సైకిళ్లకి శత్రువు. వేరే ఊళ్లో నెలరోజులు బాగుండే చైన్ ఇక్కడ వారంలో తుప్పు పడుతుంది. వచ్చిన రోజే బకెట్ నీళ్లతో, బట్టతో కడగండి, కార్లు కడిగే ప్రెజర్ పంపు బేరింగుల మీద కొట్టొద్దు. తడి తుడిచి, చైన్ ఎండాక ఒక్కో లింకుకి ఒక్కో చుక్క ఆయిల్ వేసి, పైన మిగిలింది తుడిచేయండి, లేకపోతే ఇసుక అంటుకుంటుంది. ఆ ఆయిల్ చెయ్యి డిస్కుకి తగలనివ్వొద్దు, తగిలితే బ్రేకు పట్టదు. టైర్లు చేత్తో తడిమి ముళ్లు ఏరేయండి, ఇప్పుడు లోపలికి దిగకుండా ఉన్నది వచ్చే ఆదివారం దిగుతుంది. చివరిగా బ్రేకు ప్యాడ్లు వెలుతురులో పెట్టి చూడండి, రాపిడి పదార్థం ఒక మిల్లీమీటరుకి దగ్గరపడితే మళ్లీ కొండెక్కే ముందే మార్పించేయండి.